రెండో ఫోటో

మేటంటే పెద్ద ఉద్యోగమనుకునేరు. కూలీల హాజరీ చూసే పని, అంతే. అది నాకొచ్చింది చదువు వల్ల కాదు, ఫోన్ వల్ల. మా గుంపులో టచ్ ఫోన్ ఉన్నది నాకొక్కదానికే. మిగతావన్నీ బటన్ ఫోన్లు. ఉపాధి పనిలో పొద్దున ఒక ఫోటో, మధ్యాహ్నం ఒక ఫోటో ఎక్కించాలి. రెండూ ఎక్కితేనే ఆ రోజు పనికి వచ్చినట్టు.

నాలుగేళ్లకు ఆ ఫోన్ ముసలిదైంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, తను తెరుచుకోవడానికే ఆయాసపడేదానికి హాజరీ యాప్ ఒకటి. ఫోటో నొక్కి, సద్ది తినొచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండేది. రాయచూరు బజారులో రిపేరు చేసే అతను బ్యాటరీ అరిగిపోయిందన్నాడు, నలభై శాతం చూపించినా నమ్మొద్దన్నాడు. కొత్తది తెప్పించడానికి వారం గడువడిగాడు.

వారమే కదా అని నేను అతితెలివికి పోయాను. పొద్దున ఫోటో ఎక్కగానే ఫోన్ స్విచాఫ్ చేసి, గుడ్డలో చుట్టి నీళ్లకుండ పక్కన నీడలో పెట్టేదాన్ని. మూడు రోజులు బాగానే సాగింది. చార్జింగ్ మిగులుతోందని మురిసిపోయాను కూడా.

నాలుగో రోజు మా పెద్దమ్మ జ్వరంతోనే పనికొచ్చింది. వద్దంటే వినలేదు. మధ్యాహ్నం దాకా వంకలో పూడిక మన్ను మోసింది. అప్పుడు అందరినీ వరసగా నిలబెట్టి ఫోన్ ఆన్ చేశాను. గుర్తు వెలిగింది, ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. ఆన్ అవడానికే దాని శక్తంతా చాల్లేదు. ఆపకుండా వదిలేసినా బతికేదేమో. దాన్నీ తిట్టాను, నన్నూ తిట్టుకున్నాను. ఊళ్లోకి పోయి చార్జింగ్ పెట్టి వచ్చేసరికి ఫోటో టైమ్ దాటిపోతుంది.

ఆడవాళ్లు కొంగులు సర్దుకుని ఎండలో అలాగే నిలబడ్డారు. ఇవాళ హాజరీ పడదని వాళ్లకు చెప్పాను. చెప్పాక ఏడుపొచ్చింది. ఒక్కొక్కరే తట్టలు తీసుకుని కదిలారు. పెద్దమ్మ మాత్రం నా దగ్గరికొచ్చింది.

"ఏంది బిడ్డా, నేనొచ్చిన గదా. పొద్దుగాల నుంచి మన్ను మోసిన గదా. నువ్వు సూడలే?"

"సూసిన పెద్దమ్మా."

"మరింగేంది. సూసిన అని రాయి."

హాజరీ రాసే పుస్తకం, ఈ యాప్ వచ్చినప్పుడే మా చేతుల్లోంచి పోయింది. నేను కళ్లారా చూసింది ఎక్కడా చెల్లదు. ఒళ్లు కాలిపోతున్న మనిషికి ఆ మాట చెప్పలేక, రాస్తానన్నాను. ఆమె నమ్మి ఇంటికి పోయింది.