తువ్వాల దులిపి లేచినోళ్లు

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే బస్సులో ఉద్యోగ పరీక్షకని ఇంగ్లీషు చదువుకుంటున్నాను. 'అపోజ్' అనే మాటకు పర్యాయపదాలు: రెసిస్ట్, ప్రొటెస్ట్, అబ్జెక్ట్. చివరిది పైకే చదివినట్టున్నాను. పక్క సీటులోని పెద్దాయన నా వైపు తిరిగాడు.

"అబ్జెక్టంటే ఏంది బిడ్డా?"

"వద్దని చెప్పుడు, తాతా."

"నోటితోనే చెప్పాల్నా?"

అవునన్నాను. ఆయన కిటికీలోంచి కంది చేలను చూస్తూ చెప్పాడు.

"మా ఊర్ల క్వారీ కోసం మీటింగ్ పెట్టిన్రు. అబ్జెక్షన్ ఉంటే చెప్పున్రి అన్నడు సర్కారు సారు. ఊరికొచ్చిన మనిషికి మొఖం మీద వద్దని ఎట్ల చెప్తం? మా దిక్కు ఇష్టం లేకుంటే తువ్వాల దులుపుకొని లేస్తరు. అందరం గట్లనే లేచి వచ్చినం."

"మరి ఆ సారు?"

"ఎవ్వరికీ అబ్జెక్షన్ లేదని రాసుకున్నడు."

ఆయన గొంతులో కోపం లేదు. తన స్టేజీ రాగానే దిగిపోయాడు. నేను పేరైనా అడగలేదు.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఊళ్లలో ఇలా పెట్టే మీటింగుల్లో ఎవరేమన్నారో రాయడం నా పని. 'అభ్యంతరాలు లేవు' అని రాయబోయే ముందు తలెత్తి, ఎన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయో చూస్తాను.