రెండు గీతల మధ్య

ఒహైయోలో ఆ ఊరి బడుల కార్యాలయంలో వెర్నెల్ టిస్‌డేల్ పని, పరీక్షల్లో తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ మధ్య మార్కుల తేడా తగ్గించే పథకాలు రాయడం. ఇరవయ్యేళ్లుగా రాస్తోంది. ఏటా ఫలితాలు రాగానే కళ్లజోడు నుదుటిమీదికి తోసి, గోడమీది మార్కుల కాగితంలో తెల్లపిల్లల పైగీతకీ నల్లపిల్లల కిందిగీతకీ మధ్య చెక్కస్కేలు పెట్టి కొలుస్తుంది. తనూ ఆ కిందిగీతలోంచి వచ్చిందే. ఈ ఏడాది ఆ తేడా రెండంగుళాలు తగ్గింది. పై అధికారి హాల్వర్సన్, తెల్లాయన, కేకు తెప్పించాడు.

"మా పిల్లలు పైకి రాలేదు సార్. మీవాళ్లే కిందికి జారారు," అంది వెర్నెల్.

"శుభమా అని కేకు కోస్తుంటే ఈ పేచీ ఏంటమ్మా? తేడా తగ్గిందా, లేదా?"

"తగ్గింది."

"మరింకేం! చాకేదీ?"

చాకు దొరకలేదు. కేకు కోయడానికి ఆయన స్కేలు అడిగితే ఇచ్చింది. తర్వాత దానికంటిన క్రీము తుడుచుకుని, కొత్త పథకం మొదటి పేజీలో 'తేడా తగ్గాలి' అన్నది కొట్టేసి, 'మా పిల్లలకి చదవడం రావాలి' అని రాసింది. ఇరవయ్యేళ్లలో ఆ మాట రాయడం అదే మొదలు.