ఇంట్లో ఉండే రాక్షసుడు

గవర్నర్‌పేటలోని ఓ చిన్న గ్రంథాలయంలో సుబ్బరత్నం ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతుంది. అరవై దాటిన మనిషి. నేతచీర కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని, ఎప్పుడూ గుమ్మం కనబడేలా కూర్చుంటుంది. కథలన్నీ ఆమె రాసుకున్నవే. వాటిలో రాక్షసుడు అడవిలో ఉండడు. ఇంట్లోనే ఉంటాడు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, పెద్దవాళ్ళు బయటికి వెళ్ళాక కోరలు బయటపెడతాడు. పాప మగ్గం కింది గుంటలో దాక్కుంటుంది. చివరికి ఓ పెద్ద పిట్ట వచ్చి పాపను ఎగరేసుకుపోతుంది.

మొన్న కథ అయ్యాక పిల్లలంతా లేచినా ఎనిమిదేళ్ళ ధనశ్రీ కదల్లేదు.

"ఆ పాప వాళ్ళమ్మకి చెప్పలేదా అమ్మమ్మగారూ?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"చెప్పిందమ్మా. వాళ్ళమ్మ నమ్మలేదు. పిట్ట కూడా రాలేదు, అది నేను కల్పించాను."

"మరి నేను చెప్తే మీరు నమ్ముతారా?"

"నమ్ముతాను తల్లీ. చెప్పు."

ధనశ్రీ చెప్పినంతసేపూ సుబ్బరత్నం అడ్డు తగల్లేదు. పిల్లను తీసుకెళ్ళడానికి తల్లి వచ్చాక ఆమెను కూర్చోబెట్టి, "మీ అమ్మాయి ఒక మాట చెబుతుందండీ. ముందు నమ్మండి," అంది.