వారసుడు వచ్చిన మధ్యాహ్నం

అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్లో మా పక్కింట్లో ఒక ఇంగ్లండు దొరగారు ఉండేవారు. మాటవరసకి అనడం కాదు, పుట్టుకతో బిరుదున్న నిజం దొర. అమెరికా అమ్మాయిని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయారట. బియ్యం బస్తా భుజాన వేసుకుని మా ఆయన ఎదురైనా సరే, టోపీ తీసి పలకరించేవారు. నేను కాపురానికి వెళ్లేనాటికే దొరగారి భార్య పోయింది, ఆయనకి మతిమరుపు ముదిరింది. ఒక్కగానొక్క కూతురు టీచరు ఉద్యోగం మానేసి ఆయన్ని చూసుకునేది. యాభై దాటినా పెళ్లీ పెటాకులూ లేవు.

వాళ్లలో బిరుదు కూతురికి రాదట. ఇంగ్లండులో ఉన్న దొరగారి తమ్ముడి కొడుక్కి పోతుందట. అది విని నాకు ఒళ్లు మండిపోయింది. మా నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలమే. ఆయనకి తలకొరివి పెట్టింది, బతికుండగా మా గడప తొక్కని పెదనాన్న కొడుకు.

"వాళ్ల ఫ్యామిలీ మ్యాటర్‌లో నువ్వెందుకు ఇన్వాల్వ్ అవుతావ్?" అన్నారు మా ఆయన.

దొరగారి కూతురికి బిరుదు మీద ఆశే లేదు. "నేనెవరో నాన్నకి తెలియడం మానేసి చాలా కాలమైంది. ఒక్కసారి 'నా కూతురు' అంటే చాలు," అంది ఒకరోజు మా వంటింట్లో టీ తాగుతూ. ఆ తమ్ముడి కొడుకు చూడ్డానికి వస్తున్నాడని తెలిశాక ఆశ మరీ పెరిగింది. సొంతవాళ్లని చూస్తే అన్నీ గుర్తొస్తాయేమోనని.

అతను వచ్చిన రోజు మంచు పడుతోంది. ఆవిడ రమ్మంటే పకోడీలు వేసి పట్టుకెళ్లాను. దొరగారికి సూటు తొడిగి, టై కట్టి, కుర్చీలో కూర్చోబెట్టింది. అతన్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది. కుర్చీ పట్టుకుని లేచి నిలబడి, పేరు పెట్టి పిలిచారు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వాళ్ల పెద్దిళ్లలో వారసుడు వస్తే పనివాళ్లని పిలిచి ఒక్కొక్కరినీ పరిచయం చేయడం ఆనవాయితీ అట. దొరగారు అది మరిచిపోలేదు. కూతురి వైపు చెయ్యి చూపించి, ఎంతో మర్యాదగా అన్నారు.

"ఈ అమ్మాయి నన్ను బాగా చూసుకుంటోంది. నేను పోయాక పనిలోంచి తీసెయ్యకు నాయనా."

అతను తల దించుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా చెయ్యి వదిలి వెళ్లి, కాళ్లు వణుకుతున్న తండ్రిని నెమ్మదిగా కూర్చోబెట్టింది.

"థాంక్యూ సర్," అంది.