పక్కింటి బిడ్డ

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. పాలలో నీళ్లు కలుస్తున్నాయని నేను కనిపెట్టినప్పుడు మాత్రం ఒక్కరూ కాదనలేదు.

డెబ్బైల చివరి సంగతి. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. ఆ వైశాఖంలో బంధువుల ఇళ్లలో వరసగా పెండ్లిళ్లు, గృహప్రవేశాలు. కట్టిన పట్టుచీర మడత పెట్టే తీరిక లేదు నాకు. వాటన్నిటి చివర మా చిన్నోడి పెండ్లి, పెనుకొండలో పెండ్లికూతురి ఇంట. అది మాఘంలోనే కావాల్సింది. మా మామగారి తమ్ముడు పోయి మైల రావడంతో ముహూర్తం తప్పింది. ఇంకోసారి తప్పితే వేరే సంబంధం చూసుకుంటామని పెనుకొండవాళ్లు మొహం మీదే చెప్పేశారు.

పెద్దకోడలు తొలి కానుపుకని హిందూపురంలో పుట్టింట్లో ఉంది. చిన్నోడి పెండ్లి అయిన పదిహేను రోజులకు కానుపని లెక్క. వారం వారం మా పెద్దోడి పేర కార్డు వచ్చేది. పెండ్లి దగ్గరపడిన వారం రాలేదు. కార్డు రావాల్సిన మర్నాడు హిందూపురం వియ్యపురాలు పంపిన మనిషొకడు పెండ్లికి బెల్లం దిమ్మెలు దించడానికి వచ్చాడు. నేను నోరు తెరవకముందే, "అంతా బాగుండారమ్మా, ఏమీ లేదు" అన్నాడు. ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పడమెందుకు? మంచినీళ్లు తాగి పొమ్మంటే రైలుకు టైమయిందన్నాడు. ఆ వేళకు మా ఊళ్లో ఏ రైలూ లేదు.

"ఆడ ఏదో జరిగిండాది" అన్నాను మా ఇంటాయనతో.

"నీకు పప్పులో రాయి తగిలినా కుట్రే" అన్నాడాయన.

పెద్దోడు కొత్త పెండ్లికూతురి ముహూర్తం చీర నేస్తున్నాడు. మగ్గం మీంచి తల ఎత్తలేదు. వీడికి తెలిసే దాస్తున్నాడేమోనని వాణ్నీ అనుమానించాను.

పెండ్లికి నాలుగు రోజులుందనగా, వియ్యపురాలికి బొట్టు పెట్టి పిలవాలన్న వంకతో ప్యాసింజర్ ఎక్కాను. పెనుకొండ స్టేషన్ వచ్చినప్పుడు, కొత్త వియ్యాలవారి కంట పడతానేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. దారి పొడుగునా హిందూపురంవాళ్లను తిట్టుకుంటూనే ఉన్నాను. నా కోడలికి ఏం చేశారు? ఏం దాస్తున్నారు?

వియ్యపురాలు నన్ను చూడగానే గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇంత ఎండలో వస్తివే వదినా" అంటూ అరుగు చివర చాప విసిరింది.

"లోపలికి రాకూడని మనిషినా నేను?" అన్నాను.

కుంకుమ బరిణె తీసి బొట్టు పెట్టబోయాను. రెండడుగులు వెనక్కి జరిగింది. "వద్దు వదినా. ఆడ పెట్టు, తర్వాత తీసుకుంటా."

బొట్టు వద్దన్న ఇంట్లో ఏం జరిగిందనుకోవాలి?

"నా కోడలేదీ?"

"పండుకోనుండాది."

"లేపు."

"ఇప్పుడు లేపకూడదు వదినా."

"అసలు ఉండాదా, లేదా?" అని అరిచాను.

అప్పుడు లోపలి నుంచి ఏడుపు వినిపించింది. పుట్టి మూడు రోజులు కూడా నిండని గొంతు. వియ్యపురాలి ముఖం పాలిపోయింది.

"పక్కింటి బిడ్డ" అంది.

పక్కన ఇల్లే లేదు. చింతపండు గోడౌను. దానికి తాళం వేసి ఉంది.

అబద్ధమని మీద పడబోయి ఆగిపోయాను. బిడ్డ పుడితే తండ్రి వైపువాళ్లకు పది రోజులు పురుడు. ఆ పది రోజులూ మా ఇంట శుభకార్యం చేయకూడదు. కానీ ఆ కబురు మా చెవిన పడేదాకా మైల అంటదని మా పెద్దలు చెప్పేవారు. లెక్క తప్పి బిడ్డ ముందే వచ్చేసింది. నా చిన్నోడి పెండ్లి ఆగకూడదని ఈమె నోరు కట్టేసుకుంది. నాకు అంటు తగలకూడదని బొట్టు కూడా వద్దంది. ఇంతసేపూ ఈమెనా నేను తిట్టుకున్నది? సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కుంకుమ బరిణె అరుగు మీద పెట్టాను. "ఆ పక్కింటి బిడ్డ పాలు తాగుతాండాదా వదినా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "బాగా తాగుతాండాది."

"తల్లి?"

"లేసి కూచుంటాండాది. అత్తను తలుచుకుంటాండాది, పాపం."

"పెండ్లి అయిన మరుదినమే ఆ అత్త వస్తాదని చెప్పు."

ఇద్దరం ఎవరి కొంగుతో వాళ్లం కండ్లు తుడుచుకున్నాం. పదడుగుల దూరంలో నా ఇంటి తొలి బిడ్డ ఉంది. తోసుకుని లోపలికి పోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పోలేదు.

ఇంటికొచ్చి, కోడలు బాగుంది, కానుపు ఇంకా కాలేదన్నాను. మా ఇంటాయన నమ్మాడు. పెద్దోడు నమ్మలేదు.

"లోపలికి పోయి చూసినావా?"

"చూసినా."

"ఏం చీర కట్టుకోనుండాది?"

"ఆకుపచ్చది."

"అది ఈడే పెట్టెలో ఉండాది కదమ్మా."

నా కడుపున పుట్టినవాడే కదా! పెండ్లి దాకా వాడు నాతో మాట్లాడలేదు. రాత్రీ పగలూ మగ్గం మీదే కూర్చున్నాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. చెబితే ఒక కొడుకు పెండ్లి పోతుంది, చెప్పకపోతే ఇంకో కొడుకు ఇలా నలిగిపోతున్నాడు. చెప్పలేదు.

పెనుకొండ పందిట్లో పెద్దకోడలి కానుపు సంగతి అడిగిన ప్రతివారికీ ఇంకా కాలేదని చెప్పాను. చిన్నోడు తాళి కట్టాడు. అక్షింతలు పడ్డాయి. అంతే, పెద్దోడి చేయి పట్టుకుని పందిరి వెనక్కి లాక్కుపోయాను.

"నీ పెండ్లాం కనింది" అన్నాను.

వాడు పందిరి గుంజ పట్టుకున్నాడు. "బతికుండాదా?"

నాలుగు రోజులుగా వాడు మోసింది అదన్నమాట. "ఇద్దరూ బాగుండారు నాయనా. నీ పెండ్లాం లేసి కూచుంటాండాది. బిడ్డ ఏడుపు నా చెవులారా విన్నా."

"ఏం బిడ్డమ్మా?"

అప్పటిదాకా నాకూ తట్టలేదు. "తెలీదు నాయనా. అడగనే లేదు."

ఆ నాలుగు రోజుల్లో నేను చెప్పినవాటిలో వాడు వెంటనే నమ్మింది ఆ ఒక్క మాటే. భోజనానికి కూడా నిలవకుండా, తల మీద అక్షింతలతోనే స్టేషన్ దారి పట్టాడు.