కుంకుమ పెట్టిన శాంపిల్ షూ

కరోనా తగ్గి ఫ్యాక్టరీలు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, తమిళుల ఆడి మాసం, అంటే మన ఆషాఢం వెళ్ళిన వారంలో, వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో ఉన్న ఒక షూ ఫ్యాక్టరీలో శాంపిల్ రూమ్ కోఆర్డినేటర్‌గా చేరాను. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి సత్తువాచారిలో మా ఇంట్లో కూర్చుని బి.ఎడ్. చదువుకుంటున్నాను. ముప్పై నిండకుండానే ఇంట్లోవాళ్ళు నన్ను "రిటైరైన మేడమ్" అంటున్నారు కాబట్టి ఉద్యోగ జ్ఞాపకాలు రాసే అర్హత నాకూ వచ్చినట్టే.

నా పైన ఆర్డర్ల సంగతి చూసుకునే మర్చండైజర్, ఆమె పైన ప్రొడక్షన్ మేనేజర్. హోదా పేరు ఏదైనా, నేను చేసింది మాటలు మోయడం. షూ కొనేది అమెరికా కంపెనీ. పని నడిపేది చైనా నుంచి వచ్చినవాళ్ళు. కుట్టేది అణైకట్ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఈ ముగ్గురిలో ఎవరూ నోరు తెరిచి "కాదు" అనరు. అమెరికావాళ్ళు "ఇంట్రెస్టింగ్" అన్నారంటే నచ్చలేదని. చైనావాళ్ళు "కొంచెం కష్టం" అన్నారంటే ససేమిరా కుదరదని. మావాళ్ళు "అయిపోతాది మేడమ్" అన్నారంటే ఇంకా మొదలుపెట్టలేదని. ఇదంతా ఒంటబట్టేసరికి నా ప్రొబేషన్ పూర్తయింది. నలుగురిలో మాట్లాడాలంటే బెదిరే నాకు ఒక సౌకర్యం ఉండేది: నోట్లోంచి వచ్చే మాటల్లో ఒక్కటీ నాది కాదు.

ప్రొడక్షన్ మేనేజర్ పేరు లిన్. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. తండ్రి చైనాలో షూ ఫ్యాక్టరీ ఫోర్‌మన్. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఫోన్‌ను షూ అచ్చుల ర్యాకుకు ఆనించి తల్లితో వీడియోలో మాట్లాడేది. మా లైన్ ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని అటుగా పోతూ ఆ తల్లికి వణక్కం పెట్టేవాళ్ళు. ఆమె కూడా అటునుంచి చేతులు జోడించేది. కూతురు అమెరికాలో ఉన్న మేనమామ దగ్గరికి వెళ్ళి స్థిరపడాలన్నది ఆ తల్లి కోరిక. లిన్ కోరిక వేరు. దీపావళిలోపు పంపాల్సిన సరుకు సకాలంలో ఓడెక్కితే, కొత్తగా పెడుతున్న రెండో లైన్ మొత్తం ఆమెకే అప్పగిస్తామని యాజమాన్యం మాటిచ్చింది. తండ్రి జీవితమంతా ఒకరి కింద చేసిన పనిని తాను తన చేతుల మీద నడిపించాలని ఆమెకు ఆశ. ఆ సంగతి తల్లితో చెప్పడానికి మాత్రం ధైర్యం లేదు.

సరుకు ఓడెక్కాలంటే కొనుగోలుదారు తరఫున ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి పాస్ చేయాలి. దానికి కొలబద్ద సీల్డ్ శాంపిల్. రెండు పక్షాలూ ఒప్పుకున్న ఒక జత షూ అది. కుడికాలిది ఫ్యాక్టరీ బీరువాలో, ఎడమకాలిది కొనుగోలుదారు దగ్గర. రెండింటికీ సంతకాలు, లేసు రంధ్రంలోంచి ప్లాస్టిక్ సీలు. లైన్‌లో తయారైన ప్రతి షూ దాన్ని పోలి ఉండాలి. ఆ సీలు వేసిన జతలో దేనికైనా మరక పడితే ఆ శాంపిల్ చెల్లదు. కొత్తది అమెరికా వెళ్ళి సంతకం చేయించుకుని రావాలి. ఆ లోపల ఓడ వెళ్ళిపోతుంది.

రానున్న ఇన్‌స్పెక్టర్ కెవిన్. పుట్టింది చైనాలో, స్థిరపడింది అమెరికాలో. లిన్ వాళ్ళమ్మకూ అతని తల్లికీ పాత స్నేహం. అమెరికా ఆఫీసులో ఒక ఖాళీ ఉందనీ, కెవిన్ ఒక్క మాట చెబితే అది లిన్‌కు వస్తుందనీ ఇద్దరు తల్లులూ మాట్లాడుకున్నారు. ఈ భోగట్టా మా లైన్ సూపర్‌వైజర్ మునియమ్మక్కకు నాకంటే ముందే తెలుసు.

"ఉద్యోగమూ లేదు, మన్నూ లేదు పాపా. పిల్లను చూసేదానికే వస్తాండాడు ఆయప్ప," అని తేల్చేసింది.

కెవిన్ వచ్చే ముందురోజు ఆయుధ పూజ. మా వైపు ఆ రోజు మిషన్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, పొంగలి, మరమరాలు పంచి, మధ్యాహ్నానికి ఇళ్ళకు పోవడం ఆనవాయితీ. మరునాడు దసరా సెలవైనా సరుకు తొందర వల్ల అందరం పనికి వచ్చాం. పొద్దున లిన్ బీరువా తెరిచింది. తెల్లటి సీల్డ్ శాంపిల్ ముందుభాగాన, సరిగ్గా నడినెత్తిన, గంధం మీద ఎర్రటి బొట్టు. బీరువా తాళం పూజ కోసం మునియమ్మక్కే తీసుకుంది.

"మిషన్లకంతా పెట్టినాము. వాటికంతా పెద్ద ఇదే కదమ్మా? దీన్ని చూసే కదా మమ్మల్నంతా తిడతారు! దీన్ని ఇడిస్తే కోపం రాదా?" అంది మునియమ్మక్క.

తడిగుడ్డతో తుడిచారు. బొట్టు చెదిరి అరచేయంత అయింది. మరకలు తీసే ద్రావకం పూశారు. ఎరుపు పోయి గులాబీరంగు నిలిచింది. మునియమ్మక్క దగ్గర ఇంకో ఉపాయం ఉంది: "అన్ని షూలకూ తలా ఒక బొట్టు పెట్టేస్తే సరి. అప్పుడు అన్నీ ఒకే మాదిరి ఉంటాయి."

తర్కంలో నాకు తప్పు దొరకలేదు.

లిన్ పద్ధతి ఇంకొకటి. ముందు అతిథికి మంచి భోజనం పెట్టాలి, భోజనమయ్యేదాకా చెడ్డ కబురు ఎత్తకూడదు. గుడియాత్తం నుంచి బిర్యానీ తెప్పించింది. కెవిన్ బిర్యానీ వైపు చూడను కూడా చూడకుండా బీరువా తెరవమన్నాడు.

ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని అతని కంపెనీ నియమం. అందువల్ల ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఇంగ్లీషులోనే ఇబ్బందిపడ్డారు. షూను అటూ ఇటూ తిప్పి "ఇంట్రెస్టింగ్" అన్నాడు కెవిన్. కారణం ఏమిటని అడిగాడు. లిన్ "కొంచెం..." అని ఆగిపోయింది. తర్వాత ఇద్దరూ నియమం మరిచి చైనీసులో గట్టిగా మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లైన్‌లో అందరికీ అర్థమైంది.

"పిల్ల నచ్చలేదంట," అంది ఒకామె.

"పోవే! కట్నకానుకల దగ్గర తగాదా," అంది ఇంకొకామె.

కెవిన్ నా వైపు తిరిగి, వీళ్ళు ఏమంటున్నారని అడిగాడు. నా ఉద్యోగంలో ఒక్కసారే అనువాదం తప్పు చేశాను, అదీ కావాలనే. "సరుకు నాణ్యత గురించి మాట్లాడుకుంటున్నారు సార్," అన్నాను.

చివరికి సంగతి తేలింది. కొత్త శాంపిల్‌ను అమెరికా పంపకుండా అక్కడికక్కడ సీల్ చేసే అధికారం కెవిన్‌కు ఉందట, అది మాకెవరికీ తెలియదు. అతని సంచిలో ఎడమకాలి షూ కూడా ఉంది, దానితో పోల్చి చూడొచ్చు. కానీ లోపానికి కారణం, బాధ్యుల పేరు రిపోర్టులో రాయాలి. అనుకోకుండా జరిగింది, ఎవరూ చూడలేదు అనే రాతలు అతను ఒప్పుకోడు. అప్పటిదాకా తల వంచుకున్న లిన్ పెన్ను అందుకుంది. "ఆయుధ పూజ. లైన్ నాది. బాధ్యత నాది," అని రాసి కింద పేరు పెట్టింది. లోపాల పట్టికలో జిగురు మరకకూ, నూనె మరకకూ కోడ్‌లు ఉన్నాయి. కుంకుమకు లేదు. కెవిన్ చాలాసేపు వెతికి "ఇతరములు" అని రాశాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు. పోల్చి చూసిన షూలన్నీ నెగ్గాయి. సరుకు పాసైంది.

బిర్యానీ వడ్డించేసరికి ర్యాకు మీది ఫోన్ మోగింది. లిన్ వాళ్ళమ్మ. కెవిన్ కూర్చున్నాడని తెలిసే చేసింది. ఉద్యోగం మాట అడిగావా అని అతన్ని అడిగింది, ఎప్పుడు బయలుదేరతావని కూతుర్ని అడిగింది. ఇది కెవినే తరువాత నాకు చెప్పాడు. లిన్ ముఖం పొద్దున బీరువా తెరిచినప్పటిలా పాలిపోయింది. రిపోర్టులో రాసినంత సులువుగా, అమెరికా వెళ్ళనని తల్లి ముఖాన చెప్పడం ఎలా?

మునియమ్మక్క అన్నం కలుపుతూనే, లిన్ ముఖం చూసి సంగతి పసిగట్టి అంది: "చూద్దామమ్మా అని చెప్పు తల్లీ. ఔననలా, కాదనలా. మా ఆయన ఇల్లు కట్టిస్తానని ఇట్లనే చెప్పినాడు. మేస్త్రీ పనికి పోయి ఊరంతా ఇండ్లు కడతాడు, మేమింకా బాడుగ ఇంట్లోనే ఉండాము."

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. లిన్ తల్లితో చైనీసులో నెమ్మదిగా ఏదో అంది. ఈ సరుకు వెళ్ళనీ, చూద్దాం అందని కెవిన్ చెప్పాడు. ఆ తల్లి సంతోషంగా మా అందరికీ చేతులు జోడించి ఫోన్ పెట్టేసింది.

షూ ఫ్యాక్టరీలో ఒక సరుకు వెళ్ళేలోపు ఇంకో సరుకు మొదలవుతుంది. లిన్‌కు రెండో లైన్ వచ్చింది. మరుసటి ఆయుధ పూజకు బీరువా తాళం ఎవరికీ ఇవ్వలేదు. చెల్లని ఆ గులాబీరంగు షూను మాత్రం తెచ్చి మిషన్ల వరసలో పెట్టి, తన చేత్తోనే బొట్టు పెట్టింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. పనిచేసే చోట జరిగింది జరిగినట్టు రాసి కింద మన పేరు పెట్టాలి, ఎందుకంటే ఓడ ఆగదు. ఇంట్లో అంత తొందర లేదు. చదువు ఎప్పుడు అవుతుంది, పెళ్ళి ఎప్పుడు, మళ్ళీ ఉద్యోగం ఎప్పుడని మా అమ్మ రోజూ అడుగుతుంది. లిన్ నేర్చుకున్న ఆ ఒక్క మాటే నేనూ చెబుతున్నాను. ఇప్పటిదాకా బాగానే పనిచేస్తోంది.