వెనక వరుసలోంచి ఊఁ

రెండుసార్లు తప్పి, మూడోసారికి యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు కొట్టింది రాజలింగు బిడ్డ సింధూజ. వాళ్ల ఇంటిపేరున్నోళ్లలో అంతదాకా పోయిన మొదటి మనిషి ఆమే. ఆ తర్వాత ఫెలోషిప్ తెచ్చుకుంది. తార్నాకలో ఒక సభలో ఇంగ్లిషులో మాట్లాడి శాలువా కప్పించుకుంది. తాను పనిచేసే లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చాయ్ తాగేందుకు ఎవరు కూర్చున్నా రాజలింగు ఇవన్నీ వరసగా వినిపిస్తాడు.

ఆమె చదివేదేమో మేజిక్ షోల మీద వచ్చిన సినిమాల గురించి.

"సినిమాలు చూస్తే డాక్టరైతరా లింగన్నా?" అని తోటి పనివాడు దయాకర్ ఎగతాళి చేసేవాడు.

"గట్లయితే నువ్వీపాటికి కలెక్టర్ కావాలె" అనేవాడు రాజలింగు.

పుణెలో పాత సినిమాలు భద్రపరిచిన చోట మూడు నెలలు చదువుకునే అవకాశం ఒక్కరికే ఉంది. అదెవరికన్నది ఆ రోజు యూనివర్సిటీ సెమినార్‌లో తేలుతుంది. రాజలింగు సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడిగి, వెనక వరుసలో కూర్చున్నాడు.

సింధూజ ఒక సినిమా కథ ఎత్తుకుంది. మెజీషియన్ భార్యను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి నీళ్లలో పడింది.

"ఊఁ" అన్నాడు రాజలింగు, గట్టిగా.

హాలంతా వెనక్కి తిరిగింది. కిసకిస నవ్వులు. తన చిన్నప్పుడు పల్లికాయలు ఒలుస్తూ తల్లి కథ చెప్పేది, ఊఁ కొట్టకపోతే ఆపేసేది. ఆ అలవాటుతోనే నోరు జారింది. బిడ్డ పరువు తీసిన అనుకొని తల వంచుకున్నాడు.

పుణెకు ఎవరు పోవాలో తేల్చే పెద్ద మేడం సుధామయి కళ్లద్దాలు సర్దుకున్నారు. "మేజిక్ షోలో ఆటకు సాయంపట్టే మనిషి జనంలోనే కూర్చుంటాడన్నావు. కథ చెప్పడమూ అంతే అన్నావు. మరి కథలో ఆ మనిషి ఎవరమ్మా?"

సింధూజ వెనక వరుసకు చెయ్యి చూపింది. "గాడ కూసున్నడు మేడం. మా నాయన."

"ముందే మాట్లాడుకొని తెచ్చావా?"

"అయ్యో, రావద్దన్నా వచ్చిండు!"

ఈసారి సుధామయి కూడా నవ్వారు.

"పెట్టెల మాయ ఉన్నదని మనకు తెలుసు మేడం. తెలిసీ ఊఁ అంటం. కథకైనా అంతే. సినిమా చూస్తూ లోపల కొట్టేది గూడ ఆ ఊఁ యే. నాయనా, కొట్టు!"

కథ మళ్లీ అందుకుంది. మెజీషియన్ నీళ్లలో దూకాడు. రాజలింగు ఊఁ అన్నాడు. తాళంచెవి దొరకలేదు. ముందు వరుసలు ఊఁ అన్నాయి. పెట్టె పగలగొట్టారు. హాలంతా ఊఁ అంది.

అక్కడ ఆపేసింది సింధూజ.

"తర్వాత ఏమైందమ్మా?" అనేశారు సుధామయి.

చప్పట్లు ఆగకముందే సింధూజ పేరు ప్రకటించారు. డిసెంబరులో పుణె రైలెక్కిన పిల్ల అక్కడా రెండు సభల్లో మాట్లాడి మెప్పించింది. తిరిగి వచ్చేది మార్చి ఇరవై రెండు, ఆదివారం అని చాయ్‌కు కూర్చున్నోళ్లందరికీ వినిపిస్తున్నాడు రాజలింగు.